అవ్వ చెప్పిన కథ, మనుమడు రాసిన భాష

వలస కుటుంబాల పిల్లల కథ అనగానే మన విద్యార్థులకు అమెరికా గుర్తుకు వస్తుంది. ఝుంపా లాహిరి 2003లో ప్రచురించిన 'ది నేమ్‌సేక్' నవలలో, బెంగాలీ దంపతులకు అక్కడ పుట్టిన గోగోల్ తన పేరంటేనే ముడుచుకుపోయి, పద్దెనిమిదో ఏట దాన్ని నిఖిల్ అని మార్చుకుంటాడు. నవల మంచిదే. అయితే చెన్నైలో కూర్చుని తెలుగు చదివే మనకు ఇంతకంటె దగ్గరి కథ ఒకటి ఉంది. అది తమిళంలో ఉంది కాబట్టి మన పాఠ్యప్రణాళికల కంట పడదు.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ గారు 1976లో వెలువరించిన 'గోపల్ల గ్రామం' ఆ నవల. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. నూరేళ్లు ఎప్పుడో దాటిన మంగత్తాయారమ్మ తమవాళ్లు తెలుగునేల విడిచి ఎందుకు వచ్చారో ఇంట్లోని పిల్లలకు చెబుతుంది. చెన్నాదేవి అనే పడుచుపిల్ల మీద ఒక పాలకుడి కన్ను పడింది. పిల్లను కాపాడుకోవడానికి కుటుంబమంతా రాత్రికి రాత్రి దక్షిణానికి బయలుదేరింది. ఏరు అడ్డం వస్తే ఒక చెట్టు వంగి దాటించింది. చివరకు కరిసల్ నేలలో, అంటే నల్లరేగడిలో, అడవిని కాల్చి ఊరు కట్టుకున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఒక జాతి తన పుట్టుకను రాజుతోనో యుద్ధంతోనో కాక, యుక్తవయసులో ఉన్న ఒక ఆడపిల్లతో మొదలుపెట్టి చెప్పుకొంటున్నది. వినే పిల్లలు ఆ దేశాన్ని ఎన్నడూ చూసినవారు కారు. అయినా అది తమదే అనుకుంటారు. గోగోల్ విషయంలో వలస తల్లిదండ్రుల జీవితకాలంలోనిది. ఇక్కడ వందల ఏళ్ల నాటిది. మరి ఎన్ని తరాలు గడిస్తే వలస వచ్చినవాడు ఊరివాడవుతాడు? ఈ పిల్లలు ఇంట్లో తెలుగువారు, ఊళ్లో ఊరివారు. ఒకటి ఎంచుకోమని రచయిత వారిని నిలదీయలేదు. 'రెండు ఒడ్డుల మధ్య నలిగిన యువకుడు' అనే అచ్చులో పాత్రను పోసే మన కథకులు ఈ నవల చదవాలని నా అభిప్రాయం.

అయితే దీనికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. అవ్వ తెలుగు మనకు తమిళ వాక్యంలో అందుతున్నది. ఇదే దక్షిణపు పలుకుబడిని తెలుగులోనే రాయవచ్చని స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చూపాయి. పులికాట్ సరస్సు పల్లెల బాల్యం అందులో అక్కడి మాటలోనే ఉంది.

కొన్నేళ్ల కిందట మా తరగతిలో ఒక అమ్మాయి, "మా ఇంట్లో మాట్లాడేది తెలుగే సార్, కానీ అది తప్పు తెలుగు" అన్నది. ఏమిటా తప్పు అని అడిగాను. కొట్టును అంగడి అంటారట, స్నానం చేయడాన్ని నీళ్లు పోసుకోవడం అంటారట. చుట్టాలు నవ్వారట. అంగడి మన కావ్యభాషలో ఉన్న మాట. రెండోది రాయలసీమ ఇళ్లలో నేటికీ వినబడుతుంది. నవ్వినవారికి అవి తెలియకపోవడం ఈ పిల్ల తప్పు కాదు. ఒక భాష నడిబొడ్డున మారిపోయిన మాటలు అంచుల్లో నిలిచి ఉండటం భాషాశాస్త్రంలో కొత్త సంగతేమీ కాదు.

చదవడం, రాయడం సంగతి వేరు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏటేటా ఒక తరగతి చొప్పున పెరిగి, 2015-16లో పదో తరగతికి చేరింది. తమిళం నేర్వడం మంచిదే. ఇక్కడ బ్రతికేవారికి అది అవసరం కూడా. తెలుగు లిపికి బడిలో చోటు ఇరుకు కావడమే చిక్కు.

ఆ అమ్మాయి తరువాతి వారం వాళ్ల అవ్వ చెప్పిన ఊరి కథను రాసుకొచ్చింది. మాటలు తెలుగు, లిపి తమిళం. మాటల జోలికి నేను పోలేదు. ప్రతి పంక్తి కింద అదే పంక్తిని తెలుగు అక్షరాల్లో రాసి ఇచ్చాను. రెండో పేజీ నుంచి తనే రాసుకుంటానన్నది.