పాస్‌వర్డ్ సరైనదే, మరి డేటా ఎందుకు రాదు?

ప్రాజెక్టుల వివరాలు మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఆన్‌లైన్‌లో ఉంటాయి. వాటిని పవర్ బీఐలోకి లాగి రిపోర్టు చేద్దామని కూర్చుంటే అనుమతి లేదంటూ సందేశం వస్తుంది. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టినా అదే మాట. అప్పుడు చాలామంది అడ్మిన్‌కు ఫోన్ చేసి పూర్తి యాక్సెస్ ఇచ్చేయమంటారు. ఇవ్వగానే సమస్య పోతుంది కూడా. కానీ ఆ వైద్యం జబ్బు కంటే ప్రమాదం. ఎందుకో చెప్పే ముందు, అసలు ఆపింది ఎవరో తెలుసుకోవాలి.

సర్వర్ మనల్ని రెండు విషయాలు అడుగుతుంది. నువ్వెవరు? ఇది చూసే హక్కు నీకుందా? మొదటిదానికి జవాబు దొరక్కపోతే 401, రెండోదాని దగ్గర ఆగిపోతే 403. ఖాతా సరైనదే అయి 403 వస్తుంటే పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా ఉపయోగం లేదు. అయితే పవర్ బీఐ ప్రతిసారీ ఈ అంకెను చూపించదు. పైగా పొరపాటున వేరే ఖాతాతో వెళ్లినా 403 రావచ్చు. అందుకే ముందు పవర్ బీఐని పక్కన పెట్టి బ్రౌజర్‌తో పరీక్షించాలి.

బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరవండి. మీ ప్రాజెక్ట్ ఆన్‌లైన్ సైటు, అంటే ప్రాజెక్ట్ వెబ్ యాప్, చిరునామా చివర ఒక ఏటవాలు గీత (స్లాష్), అండర్‌స్కోర్, ఏపీఐ, మళ్లీ స్లాష్, ప్రాజెక్ట్‌డేటా అని చేర్చి వెళ్లండి. పవర్ బీఐ ఓడేటా ఫీడ్ ద్వారా చదివేది ఈ చిరునామానే. లాగిన్ అయ్యాక ప్రాజెక్ట్స్, టాస్క్స్, అసైన్‌మెంట్స్, రిసోర్సెస్ వంటి పట్టికల పేర్లు ఎక్స్‌ఎంఎల్ రూపంలో కనబడితే మీ హక్కులు బాగానే ఉన్నాయి, లోపం పవర్ బీఐలో దాచుకున్న లాగిన్‌లో ఉంది. బ్రౌజర్ కూడా వెనక్కి పంపితే పని అడ్మిన్ చేతిలో ఉన్నట్టే. ఈ చిన్న పరీక్షతో సగం తిరుగుడు తప్పుతుంది.

లోపం పవర్ బీఐలో ఉందనుకుందాం. తొలిసారి కనెక్ట్ చేసేటప్పుడు వచ్చే విండోలో ఎడమవైపు అనానిమస్, విండోస్, బేసిక్, వెబ్ ఏపీఐ, ఆర్గనైజేషనల్ అకౌంట్ అని వరుసగా ఉంటాయి. మనకు కావలసింది చివరిది. తొందరలో అనానిమస్ మీదే ఉంచి కనెక్ట్ నొక్కేస్తే, పేరూ ఊరూ చెప్పకుండా లోపలికి వెళ్లబోయినట్టే. అదే విండోలో ఈ లాగిన్ చిరునామాలో ఏ స్థాయికి వర్తించాలో అడిగే పెట్టె కూడా ఉంటుంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒకసారి ఎంచుకున్నది ఆ కంప్యూటర్‌లో అలాగే నిలిచిపోతుంది, కాబట్టి కొత్త రిపోర్టు మొదలుపెట్టినా పాత తప్పే పలుకుతుంది. ఫైల్ మెనూలోని ఆప్షన్స్ అండ్ సెట్టింగ్స్‌లోకి, అక్కడి నుంచి డేటా సోర్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ చిరునామాకున్న అనుమతులను క్లియర్ చేయాలి. తర్వాత ఆర్గనైజేషనల్ అకౌంట్‌తో మళ్లీ సైన్ ఇన్ కావాలి.

హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ క్లయింట్లకు పనిచేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. సొంత కంపెనీ ఖాతా ఒకటి, క్లయింటు ఇచ్చినది మరొకటి. పవర్ బీఐ పైన కుడి మూలన కనిపించే పేరు వేరు, డేటా తెచ్చే లాగిన్ వేరు. పైన క్లయింటు ఖాతా ఉన్నా, డేటా కోసం సొంత కంపెనీ ఖాతాతో ప్రయత్నిస్తుండొచ్చు.

ఇక హక్కుల సంగతి. తన ప్రాజెక్టును రోజూ తెరిచి పనిచేసుకునే మేనేజర్‌కు కూడా ఈ ఫీడ్ దగ్గర 403 రావచ్చు. అది లోపం కాదు. ప్రాజెక్ట్ వెబ్ యాప్ పేజీల్లో ఎవరికి ఏ ప్రాజెక్టు కనబడాలన్న వడపోత ఉంటుంది. రిపోర్టింగ్ ఫీడ్‌లో ఆ వడపోత లేదు. లోపలికి రానిచ్చారంటే అన్ని ప్రాజెక్టుల గడువులు, ఖర్చులు, మనుషుల కేటాయింపులు మొత్తం కనబడతాయి. అందుకే దానికి విడిగా తాళం వేశారు. సైట్ షేర్‌పాయింట్ అనుమతుల పద్ధతిలో నడుస్తుంటే పోర్ట్‌ఫోలియో వ్యూయర్స్ గుంపులో చేర్చమని అడగండి. ప్రాజెక్ట్ సర్వర్ అనుమతుల పద్ధతిలో ఉంటే, మీ గుంపుకు రిపోర్టింగ్ సర్వీస్‌ను వాడుకునే గ్లోబల్ అనుమతి ఇమ్మనండి. రిపోర్టు చేయడానికి ఇంతకు మించి అక్కర్లేదు. అడ్మిన్ హక్కులిస్తే చూడటంతో పాటు సెట్టింగులు మార్చే అధికారమూ చేతికొస్తుంది. ఒక్క చార్టు కోసం అంత అధికారం అడగడం తప్పు, ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు.

డెస్క్‌టాప్‌లో అంతా కుదిరి, రిపోర్టును పవర్ బీఐ సర్వీసుకు ఎక్కించాక మళ్లీ అదే లోపం వస్తే కంగారు పడకండి. కంప్యూటర్‌లోని లాగిన్ అక్కడికి వెంట వెళ్లదు. సర్వీసులో సెమాంటిక్ మోడల్ సెట్టింగుల్లోకి వెళ్లి డేటా సోర్స్ దగ్గర ఓఆథ్2 ఎంచుకుని మళ్లీ సైన్ ఇన్ కావాలి. పాస్‌వర్డ్ మారినా, సైన్ ఇన్ నిబంధనలు మారినా ఈ పని మళ్లీ చేయాల్సి రావచ్చు. వరుసగా నాలుగుసార్లు రిఫ్రెష్ విఫలమైతే షెడ్యూల్ దానంతటదే ఆగిపోతుంది. కాబట్టి లాగిన్ సరిచేశాక షెడ్యూల్‌నూ మళ్లీ ఆన్ చేయాలి. రిఫ్రెష్‌ను ఉద్యోగి సొంత ఖాతాకు కాకుండా, రిపోర్టింగ్ కోసమే పెట్టిన ఖాతాకు కట్టడం మంచిది. లేకపోతే ఆయన ఉద్యోగం మారి ఖాతా మూసేసిన తర్వాత రిపోర్టులో పాత అంకెలే మిగులుతాయి.