హృదయ చిత్రములలో రొద

తొలకరి చినుకులు మొదలైనప్పుడు ముంగిటిలో పరచిన నాపరాళ్లను గమనింపుడు. ఒక రాతిపై మూడు చుక్కలు, ప్రక్క రాతిపై ఏడు చుక్కలు పడును. అంతమాత్రమున వాన అచ్చట ఎక్కువ, ఇచ్చట తక్కువ అనరాదు. కొంతసేపు కురిసిన పిమ్మట రాళ్లన్నియు ఇంచుమించు ఒకే తీరున తడియును. గుండె చిత్రములను తీయు వైద్యులకు ఇట్టి చిక్కే ఎదురగుచున్నది.

గుండె కండరమునకు రక్తము చక్కగా అందుచున్నదో లేదో తెలిసికొనుటకు రోగి సిరలోనికి టెక్నీషియం-99ఎం కలిసిన మందును ఎక్కింతురు. రక్తము బాగుగా పారు భాగములలో అది ఎక్కువగను, పారని భాగములలో తక్కువగను చేరును. అది విడుచు గామా కిరణములను గామా కెమెరా పట్టుకొనును. దీనిని 1957లో అమెరికా శాస్త్రజ్ఞుడు హాల్ ఆంగర్ నిర్మించెను. కెమెరా ముందు సన్నని రంధ్రములు గల సీసపు పలక ఉండును. ఏటవాలుగా వచ్చు కిరణములను అది అడ్డగించుటచే, వెలువడిన 10,000 కిరణములలో సుమారు ఒక్కటి మాత్రమే లోనికి పోవును. అది సోడియం అయొడైడ్ స్ఫటికమును తాకి మెరుపును పుట్టించును. ఏ చోట ఎన్ని మెరుపులో లెక్కించినచో చిత్రము ఏర్పడును.

ఏ పరమాణువు ఏ క్షణమున కిరణమును విడుచునో ఎవ్వరును చెప్పజాలరు. కావున మందు సమానముగా చేరిన రెండు చోట్ల కూడ లెక్కలు సమానముగా రావు. రేడియోలోని గరగర వంటి ఈ హెచ్చుతగ్గులనే రొద అందురు. కెమెరా ఎంత మేలైనదైనను ఇది తప్పదు. సగటు లెక్క 100 అయినచో దాని వర్గమూలము 10. అనగా హెచ్చుతగ్గు సుమారు 10 శాతము. లెక్క 10,000 అయినచో 1 శాతమే.

అట్లయిన మందును హెచ్చింపరాదా? రోగికి తగులు రేడియేషన్ కూడ హెచ్చును. ఎక్కువసేపు తీయరాదా? రోగి కదలిన చిత్రము చెదరును. పైగా గుండె ముడుచుకొను తీరును చూచుటకు ఒక్కొక్క స్పందనను 8 భాగములుగా విభజింతురు. అప్పుడు ఒక్కొక్క చిత్రమునకు దక్కునవి ఎనిమిదవ వంతు లెక్కలే.

అందుచే గణితమును ఆశ్రయింతురు. నడిమి బిందువు లెక్కను 4 చేతను, దానికి పైన, క్రింద, కుడి, ఎడమల నున్నవాటిని 2 చేతను, నాలుగు మూలల వాటిని 1 చేతను గుణించి, మొత్తమును 16 చేత భాగించుట ఒక పద్ధతి. చుట్టును 100 ఉండి నడుమ 120 వచ్చినచో అది 105 అగును. రొద అణగినది. కాని నడుమ 40 మాత్రమే వచ్చినదనుకొందము. ఇంత లోటు కేవలము యాదృచ్ఛికము కాజాలదు. అచ్చట రక్తము అందుట లేదేమో! అదే లెక్క కట్టిన 85 వచ్చును. రొదతోపాటు రోగచిహ్నమును కూడ తుడిచివేసినట్లయినది. నునుపు చాలనిచో రొద మచ్చయే రోగముగా కనబడి ఆరోగ్యవంతుని బెదరించును. మితిమీరినచో నిజమైన రోగము మరుగుపడును.

ఈ రెంటి నడుమ హద్దును ఎన్నుకొనుటకు, బ్రిటిష్ ఇంజనీరు స్టీఫెన్ బటర్‌వర్త్ 1930లో విద్యుత్ వలయముల కొరకు వివరించిన వడపోతను నేడు గుండె చిత్రములకును వాడుచున్నారు. 1982లో షెప్, వార్డి అనువారు వేరొక మార్గము చూపిరి. ముందుగా ఒక చిత్రమును ఊహించి, దానివలన రావలసిన లెక్కలను వచ్చిన లెక్కలతో పోల్చి, మరల మరల సరిదిద్దుట అందలి కిటుకు. ఇందును మితము అవసరము. అతిగా సరిదిద్దినచో రొద తిరిగి పెరుగును.

లెక్కలలో లేని వార్తను ఏ గణితమును పుట్టింపజాలదు. అందుకే జాగరూకుడగు వైద్యుడు నునుపైన చిత్రమును మాత్రమే నమ్మక, కెమెరా తీసిన తొలి చిత్రములను కూడ ప్రక్కన ఉంచుకొని చూచును.