మొరాయించిన మోటారుబండి

హైదరాబాదు నగరమున అబిడ్సు పేరు వినని వారుండరు. ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాను కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అను నొకడుండెను. అతడు నడపిన దుకాణమును బట్టి ఆ ప్రాంతమునకు ఆ పేరు వచ్చినది. ఆ పెద్దబాటను విడిచి చిరాగ్ అలీ సందులోనికి మరలినచో రొద కొంత తగ్గును. అచ్చటనే ఒక పాత యింటి వాకిట, వేపచెట్టు నీడను, 1972వ సంవత్సరపు అంబాసిడరు కారొకటి కలదు. ఈ జాతి కార్లను బెంగాలులోని ఉత్తరపారలో 1957 మొదలుకొని 2014 వరకు చేసిరి. ఇప్పుడు క్రొత్తవి పుట్టవు; ఉన్నవానిని కాపాడుకొనవలసినదే.

ఆ యింటి పెద్దావిడ భర్త కాలము చేసి యేడాది దాటినది. కారు మూడు మాసములుగా కదలలేదు. పదునైదేండ్లు దాటిన సొంత కారునకు ఐదేండ్ల కొకసారి రిజిస్ట్రేషనును పునరుద్ధరింపవలెను. ఆ గడువు దగ్గరపడెను. కదలని బండిని తనిఖీకి గొనిపోవుట యెట్లు? ఒక పనివాడు వచ్చి చూచి, స్టార్టరు మోటారు కాలిపోయినదనియు, ఇంజను కూడ విప్పవలసి వచ్చుననియు చెప్పి, పెద్ద మొత్తము నడిగెను. ఆమెకు మనసు విరిగినది. పాత యినుము కొనువాడు మరునాడు వచ్చి తూకము వేసికొని పోవుటకు మాట కుదిరినది.

"మాస్టారూ, ఆయన చేతి మీద నడచిన బండి. ఇనుము క్రింద పోవుచున్నదన్న మాటయే బాధగా నున్నది" అని ఆమె నాతో ననెను.

"అక్కగారూ, ఈ సాయంకాలము వరకు ఓపిక పట్టుడు. రోగ మేదో తెలియక ముందే కాటికి పంపనేల?" అంటిని.

ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆమె మనుమడు నాకు తోడుగా నిలిచెను.

మోటారుబండి కదలుటకు ముందు ఇంజనును బయటినుండి ఎవరో ఒకరు త్రిప్పవలెను. పూర్వము ముందు భాగమున ఇనుప పిడి దూర్చి చేతితో త్రిప్పెడివారు. చౌమహల్లా ప్రాసాదమున నున్న నిజాముగారి 1912 నాటి రోల్సు రాయిసు అట్టిదే. సరిగా ఆ 1912లోనే అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాకు కార్లలోనికి వచ్చినది. అప్పటినుండి భుజబలముతో పని తప్పినది. కాని బలమంతయు బ్యాటరీ మీదికి పోయినది. స్టార్టరు త్రిప్పిన పిదప ఇంజను తన కాళ్లపై తాను నిలువవలెనన్న మూడు వస్తువులు కావలెను: పెట్రోలు, గాలి, సకాలమున నిప్పురవ్వ.

కనుక పరీక్షయు ఆ క్రమముననే సాగవలెను. తాళపుచెవి త్రిప్పినపుడు ఇంజను తిరుగుచున్నదా, లేదా? ఇది మొదటి ప్రశ్న. తిరుగనిచో పెట్రోలు సంగతి వెదకుట వ్యర్థము. గేరు తటస్థముగా నుంచి, చేతిబ్రేకు బిగించి, నేను తాళపుచెవి త్రిప్పితిని. టక్కుమను శబ్దము, ఆపై ఒక మూలుగు, అంతియే.

అప్పుడు ముందు దీపములను వెలిగించి మరల త్రిప్పితిని. ఇందొక కిటుకు కలదు. దీపములు పూర్తిగా మసకబారినచో బ్యాటరీ బలహీనమైనదనియో, దాని కొనలకు చిలుము పట్టినదనియో ఊహింపవచ్చును. మా దీపములు ఇంచుమించు చెక్కు చెదరక వెలిగినవి. అనగా బ్యాటరీలో బలము కలదు. అది స్టార్టరును చేరుట లేదు. దీపమొక్కటి నాలుగు ఆంపియర్ల విద్యుత్తుతో వెలుగును. స్టార్టరునకు నూరు ఆంపియర్లకు పైగా కావలెను. కాలువకు పూడిక పడినచో సన్నధారతో బిందె నిండును గాని మడి తడియదు గదా!

బ్యాటరీ కొనలను విప్పి తుడిచితిమి. విప్పునపుడు చట్రమునకు పోవు తీగను ముందుగా విప్పవలెను. లేకున్న రెంచి ఇనుమునకు తగిలి మంటలు చిమ్మును. తెల్లని చిలుమును వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరనిచ్చి బిగించితిమి. ఫలితము లేదు.

ఇంతలో బాలుడు, "తాతగారూ, ఈ చోకు తీగ కాలుచున్నదేమి?" అని వ్రేలు వెనుకకు తీసికొనెను.

రోగము చిక్కినది. చోకు తీగ గాలిని తగ్గించు మూతను లాగుట కేర్పడిన ఉక్కుతీగ. దానికి విద్యుత్తుతో పనియే లేదు. మరి యేల వేడెక్కవలెను? ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుండును. రబ్బరు విద్యుత్తును పోనీయదు. కావున ఇంజనునుండి చట్రమునకు అల్లిక రాగిపట్టీ నొకదానిని కలుపుదురు. స్టార్టరులో పనిచేసిన విద్యుత్తు ఆ పట్టీ ద్వారా బ్యాటరీకి మరలి చేరును. ఆ పట్టీ తెగినపుడు పాపము అది దొరికిన సందులెల్ల దూరును. సన్నని చోకు తీగ ఆ భారమును మోయలేక కాలిపోవుచుండెను.

క్రింద వంగి చూడగా, పట్టీ పచ్చని చిలుముపట్టి, రెండు మూడు పోగులతో వ్రేలాడుచుండెను. ట్రూపు బజారు దగ్గరనే గదా! క్రొత్త రాగిపట్టీ తెచ్చి, బిగించు చోట రంగును గరుకు కాగితముతో గీకి తళతళలాడు ఇనుమునకు బిగించితిమి. రంగు మీద బిగించినచో పని చేసినట్లే యుండును, చేయదు. ఈ తప్పు పెద్దపనివారును చేయుదురు.

ఇప్పుడు ఇంజను హుషారుగా తిరిగినది. కాని అంటుకొనలేదు! బాలుని ముఖము చిన్నబోయినది. నేను మాత్రము సంతోషించితిని. ఒక ప్రశ్న తీరి రెండవదానికి వచ్చితిమి.

నిప్పురవ్వను చూడ వలెనన్న పెట్రోలు ఆవిరి లేని చోట, ఒక ప్లగ్గును విప్పి, దాని తీగకే తగిలించి, లోహభాగము ఇంజనునకు తగులునట్లు పెట్టి త్రిప్పవలెను. చేతితో పట్టరాదు, కాయిలు పండ్రెండు వోల్టులను పదివేలకు మించిన వోల్టులుగా పెంచును. రవ్వ సన్నగా, పసుపురంగున కనబడెను. డిస్ట్రిబ్యూటరు మూత తీయగా లోపల వానకాలపు చెమ్మ. పొడిగుడ్డతో తుడిచి, లోపలి పాయింట్ల ముఖముల నల్లదనమును సన్నని గరుకు కాగితముతో తీసితిమి. అవి విడివడు ఎడము ఒక మిల్లీమీటరులో నాలుగు పదవ వంతులుండవలెను. పిదప రవ్వ నీలముగా, టపటప మనుచు దూకినది.

మిగిలినది పెట్రోలు. మూడు నెలల పెట్రోలు పస తగ్గియుండును; కార్బ్యురేటరు గిన్నెలోనిది ఆవిరై యెండును. నేటి పెట్రోలులో కలియు ఇథనాలు నీటిని పీల్చుకొనును, పాత రబ్బరు గొట్టములను కొరుకును. పాతదానిని జాగ్రత్తగా ఒలికించి, పగిలిన గొట్టమును మార్చి, క్రొత్తది పోసితిమి. మాటిమాటికి యాక్సిలరేటరు త్రొక్కవలదని బాలునికి చెప్పితిని. ఇంజను పెట్రోలులో మునుగును. అప్పుడు కొంతసేపు ఆగుట మేలు.

నాలుగవ ప్రయత్నమున బండి దగ్గి, తుమ్మి, నల్లని పొగ విడిచి, పిదప కుదురుగా గురగురలాడినది. పెద్దావిడ గడపలోనుండి లేచి వచ్చి బానెట్టుపై చేయి వేసెను. ఏమియు మాటాడలేదు.

మూసిన కొట్టములో ఇంజనును నడుపరాదని, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకయే ప్రాణము తీయుననియు మనుమనికి మరల చెప్పి ఇంటికి వచ్చితిని. మరునాడు వచ్చిన ఇనుము వ్యాపారికి కాఫీ ఇచ్చి పంపిరి. ఇప్పుడా బండి తనిఖీ గడచినది. ప్రతి ఆదివారము ఉదయమున, అబిడ్సు కాలిబాటల మీద పాతపుస్తకములు పరచుకొను వేళ, ఆమె కుమారుడు దానిని నాంపల్లి స్టేషను వరకును, అచ్చటినుండి చుట్టుదారిని అరగంట సేపును నడపి తెచ్చును. ఐదు నిమిషములు నడపి ఆపినచో స్టార్టరు వాడుకొన్నది బ్యాటరీకి తిరిగి చేరదని ఆ బాలుడే తండ్రికి చెప్పుచున్నాడట.