పెయింట్ బూత్‌లో వెలుతురు: అపోహలు – వాస్తవాలు

పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయంలో తరతరాలుగా తెలుగు మాట్లాడే రాజుల ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలోనైనా, పక్క వీధి తమిళుల ఇళ్లలోనైనా దసరా దగ్గరపడితే కొలువు బొమ్మలు అటక దిగుతాయి. మాసిన మట్టి బొమ్మకు సొంతంగా రంగు కొట్టుకునేవాళ్లకీ, స్కేల్ మోడళ్ల సరదా ఉన్నవాళ్లకీ ఓ ఎయిర్‌బ్రష్, చిన్న కంప్రెసర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించిన పెట్టె (అదే బూత్) ఉంటే చాలు. డబ్బంతా గన్ మీద పెట్టేసి, లైటు దగ్గరకొచ్చేసరికి ఇంట్లో మిగిలిన బల్బుతో సరిపెట్టేస్తారు. పని చెడేది అక్కడే.

అపోహ: వాట్లు ఎక్కువైతే వెలుతురూ ఎక్కువే.

వాస్తవం: వాట్లు చెప్పేది కరెంటు ఖర్చు. లైటు ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో, అది వస్తువు మీద ఎంత పడుతోందో లక్స్‌లో కొలుస్తారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 12464-1 ప్రకారం వాహనాలకు రంగు కొట్టే గదిలో 750 లక్స్, టచప్‌కూ తనిఖీకీ 1000 లక్స్ ఉండాలి. ఇంటి బూత్‌కూ ఈ లెక్క పనికొస్తుంది. బల్బు దూరం రెట్టింపైతే వస్తువు మీద పడే వెలుగు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే గది కప్పుకు ఉన్న పెద్ద లైటు కన్నా బూత్ నెత్తిన పెట్టిన రెండడుగుల ఎల్‌ఈడీ ట్యూబ్ మేలు.

అపోహ: డబ్బా మీద ‘కూల్ డేలైట్’ అని ఉంటే అది పగటి వెలుగే.

వాస్తవం: ఆ పేరు పక్కన ఉండే 6500 కెల్విన్ అన్న అంకె ఆ తెలుపు ఎంత నీలి వైపు మొగ్గిందో చెబుతుంది. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పేది సీఆర్‌ఐ. మామూలు ఎల్‌ఈడీలకు అది 80 దగ్గర ఉంటుంది. ఇందులోనూ ఓ మెలిక ఉంది: సీఆర్‌ఐ అంటే ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. చిక్కటి ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు, దానికి ఆర్9 అని వేరే అంకె. ఆర్9 తక్కువున్న లైటు కింద అమ్మవారి బొమ్మ ఎర్రచీర వెలిసినట్టు కనిపిస్తుంది. రంగు చాల్లేదనుకుని ఇంకో కోటు వేస్తాం. తెల్లారి వాకిట్లో పెట్టి చూస్తే చీర అంచు గీతలు కూడా ఆ ఎరుపులో మునిగిపోయి ఉంటాయి.

సీఆర్‌ఐ 90కి పైన, ఆర్9 50కి పైన, 5000 కెల్విన్ దగ్గర ఉన్న లైటు వెతకండి. పొరుగున ఉన్న శివకాశి ప్రింటింగ్‌కు పేరున్న ఊరు. ఆ రంగంలో రంగులు సరిచూసుకోవడానికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 3664 చెప్పేదీ 5000 కెల్విన్ వెలుగే. ఒక లైటు కింద కలిసిపోయిన రెండు రంగులు మరో లైటు కింద తేడాగా కనిపించడం మామూలే. కాబట్టి టచప్ చేసిన బొమ్మను అది నిలబడబోయే చోటి వెలుతురులో కూడా ఒకసారి చూడాలి.

అపోహ: ఉత్తరపు కిటికీ ఉంటే లైటే అక్కర్లేదు.

వాస్తవం: ఇది యూరప్ చిత్రకారుల సలహా. అక్కడ సూర్యుడు మధ్యాహ్నం ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు కాబట్టి ఉత్తరపు వెలుగు నిలకడగా ఉంటుంది. రాజపాళయం సుమారు 9.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ ఏప్రిల్ నడిమి నుంచి ఆగస్టు చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరానే ఉంటాడు. ఆ నెలల్లో ఉదయం, సాయంత్రం ఎండ ఉత్తరపు కిటికీలోంచి నేరుగా లోపలికి రావచ్చు. ఎండ తగిలితే పెయింట్ సర్దుకోకముందే ఆరిపోయి గరుకు తేలుతుంది. పగటి వెలుగులో రంగు సరిచూసుకోండి, పని మాత్రం మారని లైటు కింద చేయండి.

అపోహ: నడినెత్తిన ఒక్క లైటు చాలు.

వాస్తవం: అలా పెడితే మీ చేతి నీడే బొమ్మ మీద పడుతుంది. పైన ఒకటి, పక్కల నుంచి ఏటవాలుగా చెరొకటి ఉండాలి. పక్క ట్యూబ్ ప్రతిబింబం తడి పెయింట్‌లో గీతలా కనిపిస్తుంది. గీత తిన్నగా ఉంటే పూత చక్కగా పరుచుకుందని లెక్క. చిందరవందరైతే నారింజ తొక్కలాంటి గరుకు, అంటే ఆరెంజ్ పీల్, మొదలైంది. కిందికి సాగుతుంటే పెయింట్ కారబోతోంది, గన్ ఆపాలి.

అపోహ: ఎల్‌ఈడీ వేడెక్కదు, ఐపీ65 అయితే ఇంకా భద్రం. థిన్నర్ ఉన్నా భయం లేదు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. ఆవిరి అంటుకోవడానికి బల్బు కాలిపోనక్కర్లేదు, వదులైన వైరు దగ్గరో, స్విచ్చిలోనో ఒక్క నిప్పురవ్వ చాలు. చాలా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్లలో ఉండే టోలీన్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. రాజపాళయం ఎండల సంగతి అటుంచండి, మార్గశిర మాసపు తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. మరో ద్రావకం ఎసిటోన్ ఆవిరి గాలిలో రెండున్నర శాతం ఉన్నా మండగలదు. ఈ ఆవిర్లు గాలి కన్నా బరువు, నేల మీది ఎక్స్‌టెన్షన్ బాక్సు దాకా పాకుతాయి.

ఐపీ65లో 6 దుమ్ము చొరబడదని, 5 నీటి ధారను తట్టుకుంటుందని చెబుతాయి. నిప్పు మాట అందులో లేదు. మండే ఆవిరి ఉన్నచోటికి ఫ్లేమ్‌ప్రూఫ్ లైట్లు వేరే ఉంటాయి, వాటికి పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెసో ఆమోదం కావాలి. ఇంటి బూత్‌కు అంత ఖర్చు లేని దారి ఉంది: లైటును పెట్టె బయట ఉంచి, మధ్యలో సందుల్లేకుండా సీల్ చేసిన అద్దం పెట్టడం. స్విచ్చి కూడా దూరంగానే ఉండాలి. ఆవిరి వెళ్లే దారిలోనే మోటారు ఉన్న మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తోనూ ఇదే ముప్పు. అద్దం ఉంటే ఇంకో లాభం, మీద పేరుకున్న పెయింట్ పొరను తేలిగ్గా తుడవొచ్చు. తుడవకపోతే ఎంత మంచి లైటైనా రంగు మార్చి చూపిస్తుంది.

డబ్బా మీద సీఆర్‌ఐ రాయని లైటును షాపులోనే వదిలేయండి. థిన్నర్ వాడేవాళ్లయితే, బూత్ లోపల వేలాడుతున్న బల్బు హోల్డర్‌ను ఈరోజే బయటికి మార్చండి.