దీపానికీ చమురు కావాలి

ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. మనస్సు విరిగితే దానిని చూపడానికి కళాకారునికి ప్రతీకలే శరణ్యం. ఫ్రెంచి చిత్రకారుడు టోనీ రోబేర్-ఫ్లూరీ 1876లో వేసిన ప్రసిద్ధ చిత్రంలో వైద్యుడు పినెల్ పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో రోగిణుల సంకెళ్లను విప్పిస్తున్నాడు. ఆ సంకెళ్లు ఇనుపవే అయినా, పిచ్చి అంటే సమాజానికి గల భయానికి అవి ప్రతీకలు. 1893లో నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ చిత్రించిన ‘ఆర్తనాదం’లో మెలికలు తిరిగిన ఎర్రని ఆకాశమే కలత చెందిన మనస్సు.

తెలుగువారికి అటువంటి ప్రతీక వెండితెరపై లభించింది. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో వెలువడిన ‘చివరకు మిగిలేది’ చిత్రానికి, అసిత్ సేన్ 1959లో తీసిన బెంగాలీ చిత్రం ‘దీప్ జ్వేలే జాయ్’ మూలం. మానసిక వైద్యశాలలోని నర్సు చికిత్సలో భాగంగా రోగిపై ప్రేమను నటించవలసి వస్తుంది. ఆ పాత్రను సావిత్రి ధరించింది. రోగి కోలుకుంటాడు. నటన నిజమైపోయిన నర్సు మాత్రం తుదకు తానే రోగిగా మిగులుతుంది. దీపం వెలిగిస్తూ పోవడమని బెంగాలీ పేరుకు అర్థం. తాను తరిగిపోతూ పరులకు వెలుగునిచ్చే దీపమే ఆ నర్సు.

రెడ్డియార్‌పాళయంలోని మా ఇంట ఒక రాత్రి ఈ చిత్రాన్ని చూచితిమి. చిత్రం ముగిసిన తరువాత కూడా మా శ్రీమతి కూర్చున్న చోటునుండి లేవలేదు. మతి చలించిన మా తమ్ముణ్ణి ఎనిమిదేండ్లుగా ఆమెయే కనిపెట్టుకొని ఉన్నది. వేళకు మాత్రలివ్వడం, రాత్రి తలుపు గడియ చూచుకోవడం, అలిగినప్పుడు బుజ్జగించి అన్నం తినిపించడం, అన్నీ ఆమె పనులే. “మీ మరిది ఎలా ఉన్నాడమ్మా?” అని ఆమెను అడగని బంధువు లేడు. “నీవు నిద్రపోయి ఎన్నాళ్లయింది?” అని మేము సైతం అడిగి ఎరుగము. కర్మాగారంలో ఏ యంత్రానికి ఎప్పుడు చమురు పట్టించాలో పట్టిక వేసి గోడకు తగిలించిన వారము మేము!

ఆ మరునాటి నుండి వారానికి మూడు రాత్రులు తమ్ముని గదిలో పడక మాదే. మొదటి రాత్రే, ఆమె ఇన్నేండ్లు మోసినదేమిటో మాకు బోధపడింది.

మన సహోద్యోగుల ఇండ్లలోనూ ఇటువంటి దీపాలు ఉండవచ్చును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ‘టెలి మానస్’ సేవ 14416 నంబరుపై ఇరువదినాలుగు గంటలూ ఉచితంగా లభిస్తున్నది. రోగులే కాదు, రోగిని సాకుతున్నవారు కూడా అక్కడ తమ గోడు చెప్పుకొనవచ్చును. అంతకుముందు ఇంటివారు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: “నీవెలా ఉన్నావు?”