పాత క్రేను లారీ కొనుటకు ముందు - పంచాయతీ సభ్యులు గమనింపవలసిన విషయములు

గోదావరి డెల్టాలో చెట్టు లేని గట్టు లేదు. గాలివాన చూడని చెట్టును లేదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టము చేసినది. 2024 ఆగస్టులో కొవ్వూరు సమీపమున కుమారదేవము నందలి నిద్రగన్నేరు మహావృక్షము, చలనచిత్రముల ద్వారా ఆంధ్రదేశమంతటికి పరిచితమైనది, గోదావరి గట్టున కూలిపోయినది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురము సమీపమున తీరము దాటినది. ఇట్టి సమయములందు త్రోవకు అడ్డముగా పడిన ఒక్క మాను గ్రామమునకు వైద్యమును, విద్యుత్తును, పాలబండిని గూడ నిలిపివేయగలదు.

కావున పెనుగొండ పరిసర గ్రామముల వంటి చోట్ల చెట్లు తొలగించుటకు ఒక క్రేను లారీ అందుబాటులో నుండవలెనను కోరిక సహజము. క్రొత్తదాని వెల అధికము. పాతది చవుకగా దొరకును. పంచాయతీయే కొనదలచినను, గ్రామములోని యువకుడెవరైనను దానితో వ్యాపారము చేయదలచి పంచాయతీ పనులను కోరినను, సభ్యులు ముందుగా తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

బరువు, దూరము

ప్రతి చెట్టుకును క్రేను అవసరము లేదు. కొబ్బరి చెట్టును అనుభవముగల దింపు కార్మికుడు పైనుండి ముక్కలుగా కోసి దింపగలడు. ఇంటికప్పుపైకి ఒరిగిన నిద్రగన్నేరు, రోడ్డుపై పడిన చింత, మఱ్ఱి వంటి పెద్ద మానులకే క్రేను కావలెను.

పచ్చి కలప ఘనమీటరు ఒక్కంటికి ఇంచుమించు ఒక టన్ను తూగునని లెక్కించుట క్షేమము. 60 సెంటీమీటర్ల అడ్డుకొలత, 3 మీటర్ల పొడవుగల దుంగ సుమారు 850 కిలోలుండును. అడ్డుకొలత ఒక మీటరైనచో, అదే పొడవుగల దుంగ 2,300 కిలోలు దాటును. కొలతలో కొద్ది భేదము బరువులో ఎంత భేదము కలిగించునో గమనింపుడు.

'పది టన్నుల క్రేను' అను మాటను విని మోసపోరాదు. ఆ పది టన్నులు బూము దగ్గరగా నున్నప్పుడు మాత్రమే. మూడు మీటర్ల దూరమున పది టన్నులెత్తు యంత్రము పండ్రెండు మీటర్ల దూరమున రెండున్నర టన్నులకు మించి ఎత్తజాలదు. బూము స్వంత బరువును గూడ లెక్కించినచో ఇంకను తగ్గును. ఏ దూరమున ఎంత బరువెత్తవచ్చునో తెలుపు పట్టికను తయారుచేసినవారు ప్రతి క్రేనుకును ఇత్తురు. ఆ పట్టిక లేని క్రేనును ఎంత చవుకగా వచ్చినను కొనరాదు.

జనులు 'హైడ్రా' అని పిలుచు చిన్న క్రేను బరువును ఎత్తుకొని నడువగలదు. కాని బరువుతో మలుపు తిరుగునపుడు ఒరిగిపోవు ప్రమాదము కలదు. లారీపై బిగించిన క్రేను ఊతకాళ్ళు చాచి ఒకచోట నిలిచి పనిచేయును. గట్ల వెంబడి పెద్ద చెట్లు తొలగించుటకు ఈ రెండవదే అనుకూలము.

డెల్టా నేల స్వభావము

మన నేల నల్లని బంకమట్టి. వానలకు మెత్తబడును. తుపాను మరునాడే క్రేనుతో పని. అప్పుడే నేల మిక్కిలి బలహీనముగా నుండును. ఒక ఊతకాలిపై 12 టన్నుల భారము పడినదనుకొందము. దాని పాదము 30 సెంటీమీటర్ల చదరమైనచో, చదరపు మీటరునకు 133 టన్నుల ఒత్తిడి కలుగును. క్రింద ఒక మీటరు చదరపు గట్టి దిమ్మ వేసినచో అది 12 టన్నులకు దిగును. మెత్తని తడి మట్టి దానిని సైతము భరింపలేకపోవచ్చును. కనుక పెద్ద దిమ్మలు క్రేనుతోపాటు కొనవలసిన సామగ్రియే. కాలువగట్టు అంచునకు చేరువగా ఊతకాలు దించరాదు. పాత కాలువ వంతెనలు లారీ మొత్తము బరువును మోయగలవో లేవో ఇంజనీరు నడిగి ముందే తెలిసికొనవలెను.

యంత్రమును పరీక్షించు విధము

క్రొత్త రంగును చూచి సంతోషింపరాదు. రంగు క్రింద పగుళ్ళుండవచ్చును. బూము అతుకులను, అది లారీ చట్రముతో కలియు చోటును, ఊతకాళ్ళ మొదళ్ళను శుభ్రపరచి వెలుతురులో చూడవలెను. పిదప బరువును ఎత్తించి పదినిమిషములు నిలిపి యుంచవలెను. బూము తనంత తాను క్రిందికి జారినచో హైడ్రాలిక్ సిలిండర్లలో గాని వాల్వులలో గాని లోపమున్నదని గ్రహింపవలెను. బూమును నలుదిక్కులకు త్రిప్పించి, తిరుగుడు చక్రమున వదులున్నదేమో చూడవలెను. ఉక్కు మోకులో తెగిన తీగలు, నలిగిన చోట్లు, మెలికలు కనిపించినచో దానిని మార్పించవలసినదే. కొక్కెమునకు తాడు జారకుండ ఆపు నాలుక యుండవలెను. ఇంజను నూనె పాలవలె తెల్లబారినచో అందులో నీరు చేరినదని అర్థము.

కర్మాగారములలోని ఎత్తుడు యంత్రములను 12 నెలలకొక పర్యాయమైనను అర్హుడైన నిపుణునిచే పరీక్షింపజేయవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విధించినది. గ్రామమున పనిచేయు క్రేనుకును ఆ పద్ధతినే పాటించుట మేలు. కొనుటకు ముందు అమ్మువానికి సంబంధము లేని నిపుణునిచే పరీక్షింపజేసి, వ్రాతమూలకమైన నివేదిక తీసికొనవలెను.

పత్రములు

రిజిస్ట్రేషను పత్రమున క్రేను ఏ తరగతి వాహనముగా నమోదైనదో, ఇంజను, ఛాసిస్ సంఖ్యలు సరిపోవుచున్నవో చూడవలెను. రవాణా వాహనముగా నమోదైనచో ఎనిమిదేండ్ల వయస్సు వరకు రెండేండ్లకొకసారి, ఆపైన ఏటేట ఫిట్నెసు ధ్రువపత్రము పొందవలెను. యాజమాన్యపు మార్పిడికి 29, 30 ఫారములు, పరరాష్ట్రపు వాహనమైనచో 28వ ఫారము, అప్పుపై కొన్నదైనచో రుణము తీరినట్లు తెలుపు 35వ ఫారము అవసరము. కొన్నవారు 30 దినములలో రవాణాశాఖకు తెలుపవలెను. బీమా పత్రమున పేరు మార్పునకు 14 దినములలో దరఖాస్తు చేయవలెను. బూము ఎత్తి పనిచేయునపుడు కలుగు నష్టమునకు ఆ బీమా వర్తించునో లేదో విడిగా విచారింపవలెను.

పదునైదేండ్ల నియమము

ఇది పంచాయతీలకు ముఖ్యమైన సంగతి. కేంద్ర ప్రభుత్వము 2023 జనవరిలో మోటారు వాహనముల నియమావళికి 52ఏ నియమమును చేర్చినది. అది ఆ సంవత్సరము ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ప్రభుత్వ శాఖల, పురపాలక సంఘముల, పంచాయతీల వాహనముల రిజిస్ట్రేషను మొదటి నమోదు నుండి పదునైదేండ్లకు ముగిసిపోవును. దేశరక్షణ, శాంతిభద్రతల ప్రత్యేక వాహనములకు మాత్రమే మినహాయింపు కలదు. ఆనాటికి యంత్రము ఎంత బాగుగానున్నను పంచాయతీ దానిని రోడ్డెక్కింపజాలదు.

2015లో మొదట నమోదైన క్రేను లారీని 2026లో పంచాయతీ కొన్నచో, దానికి మిగులు ఆయుర్దాయము నాలుగేండ్లే. ఉదాహరణకు వెల 12 లక్షల రూపాయలనుకొందము. తుదకు తుక్కుగా 2 లక్షలు వచ్చినచో, ఏటికి రెండున్నర లక్షలు అరుగుదల. డ్రైవరు జీతము, బీమా, మరమ్మతులకు ఏటికి మూడున్నర లక్షలు వేసినచో మొత్తము 6 లక్షలు. ఏడాదిలో 40 దినములే పనియున్నచో, డీసెలు గాక, దినమునకు 15,000 రూపాయలు పడును. 120 దినములు పనియున్నచో 5,000 మాత్రమే. ఈ లెక్కలో తమ గ్రామపు అంకెలను వేసికొని, వచ్చిన మొత్తమును స్థానికపు అద్దెతో పోల్చి చూడవలెను. ఒక్క పంచాయతీకి 120 దినముల పని దొరకుట అరుదు.

అదే వాహనము గ్రామస్థుని స్వంతమైనచో 52ఏ నియమము వర్తింపదు. చెల్లుబాటగు రిజిస్ట్రేషను, ఫిట్నెసు ఉన్నంతవరకు నడుపుకొనవచ్చును. కావున పలు పంచాయతీలు కలిసి, తుపానుల కాలమునకు ముందే, అర్హతగల స్థానిక యజమానితో దినపు అద్దెను, పిలుపు వచ్చిన ఎన్ని గంటలలో రావలెనో దానిని నిర్ణయించి ఒడంబడిక చేసికొనుట పెక్కుచోట్ల మేలైన మార్గము. యజమానికి పని నిలుకడగా దొరకును. పంచాయతీకి ఆపత్సమయమున సాయము దొరకును.

పని చేయించునపుడు

విద్యుత్ తీగల దరిని పనియున్నచో, తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బంది సరఫరా నిలిపి, ఆ సంగతి ధ్రువపరచిన పిదపనే బూము లేపవలెను. 11,000 వోల్టుల తీగను తాకకున్నను, మిక్కిలి సమీపించినంతనే ప్రమాదము సంభవించును. వేరూనిన చెట్టును క్రేనుతో పెకలింపరాదు, ప్రక్కకు లాగరాదు. కోయుటకు ముందే ముక్క బరువును లెక్కింపవలెను. వ్రేలాడు దుంగ క్రింద ఎవ్వరును నిలువరాదు. మనుష్యులను కొక్కెమునకు తగిలించి పైకెత్తరాదు.

నేలకూలి త్రోవకు అడ్డుపడిన చెట్టు వేరు. నిలిచియున్న చెట్టు వేరు. నిలిచినదానిని కొట్టుటకు ముందు 2002 నాటి వాల్టా చట్టము క్రింద అనుమతి కావలెనేమో విచారింపవలెను. రహదారి ప్రక్కనున్న చెట్లకును, కాలువగట్ల చెట్లకును ఆయా శాఖల అంగీకారము పొందవలెను.

పంచాయతీ సొమ్ము ప్రజల సొమ్ము. క్రేను కొనుగోలు ప్రతిపాదన సభ ముందునకు వచ్చిన దినమున సభ్యులు నాలుగు పత్రములను అడుగవలెను: బరువు పట్టిక, నిపుణుని నివేదిక, రిజిస్ట్రేషను పత్రము, ఏటి ఖర్చుల లెక్క. ఈ నాలుగును బల్లపైకి వచ్చిన పిమ్మటనే తీర్మానమును చర్చకు తీసికొనవలెను.