ఖాళీ అయిన ఇంటికి కాపలా

ఫోన్‌లో కొత్త సిస్టమ్ వేసిన మర్నాడే మా యాప్ క్రాష్ కావడం మొదలైంది. జాబితాను వేలితో జోరుగా తోసి, అది ఆగేలోపే వెనక్కి వెళ్తే చాలు, మూసుకుపోయేది. కోడ్‌లో మేం ఒక్క అక్షరం మార్చలేదు.

కారణం మెమరీలో ఉంది, ఆ కథ 1960లో మొదలవుతుంది. వాడకం తీరిన మెమరీని వెనక్కి తీసుకునే రెండు పద్ధతులు ఆ ఏడాదే అచ్చయ్యాయి. లిస్ప్ భాష సృష్టికర్త జాన్ మెకార్తీది ఊడ్చే పద్ధతి: ఖాళీ జాగా నిండుకున్నప్పుడు పని ఆపి, ఎవరికీ అందకుండా పడున్నవన్నీ ఒకేసారి ఊడ్చెయ్యాలి. జార్జ్ కాలిన్స్‌ది లెక్కపెట్టే పద్ధతి: తనను ఎందరు పట్టుకున్నారో ప్రతి ఆబ్జెక్ట్‌కీ ఒక లెక్క ఉంటుంది, అది సున్నాకు రాగానే జాగా ఖాళీ. రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకుంటే మాత్రం ఆ లెక్క ఎన్నటికీ సున్నాకు రాదు. అయినా నా ఓటు కాలిన్స్‌కే. వేలి కింద తెర కదులుతున్నప్పుడు ఊడ్పు కోసం పని ఆగకూడదు. ఐఫోన్ యాప్‌లు మొదటినుంచీ ఈ లెక్కతోనే నడిచాయి. 2011లో ఏఆర్‌సీ (ఆటోమేటిక్ రిఫరెన్స్ కౌంటింగ్) వచ్చాక ఆ కూడికలూ తీసివేతలూ కంపైలరే చూసుకుంటోంది.

ఒక ఆబ్జెక్ట్ ఇంకోదాన్ని పట్టుకునేది దాని చిరునామా ఉన్న పాయింటర్‌తో. ఒకదాన్నొకటి పట్టుకునే చిక్కు రాకూడదనే కొన్ని పాయింటర్లను లెక్కలో చేర్చరు. మా జాబితా తన తెరను అలాగే పట్టుకుంది. తెర పోయినా పాయింటర్‌లో చిరునామా మిగిలింది. పాత సిస్టమ్‌లో ఖాళీ అయిన జాగా కాసేపు చెదరకుండా ఉండేది కాబట్టి జాబితా తెరను పిలిస్తే జవాబు వచ్చేది. కొత్తదానిలో ఆ ఇంట్లోకి వెంటనే ఇంకొకరు దిగారు. తప్పు ముందునుంచీ మాదే.

పోయింది ఎవరో పట్టించేది జాంబీ. నాకు ఎంతో ఇష్టమైన ఉపాయం ఇది. ఐఫోన్ యాప్‌లు రాసే ఆబ్జెక్టివ్-సీ భాషలో ప్రతి ఆబ్జెక్ట్ మొదటి అరలో అది ఏ క్లాసుదో తెలిపే ఆనవాలు ఉంటుంది. పిలుపు వస్తే సిస్టమ్ ముందు చూసేది దాన్నే. జాంబీలను ఆన్ చేస్తే, ఆబ్జెక్ట్ పోయాక జాగాను ఎవరికీ ఇవ్వరు. ఆ ఆనవాలును మాత్రం మార్చేసి, పాత పేరుకు ముందు జాంబీ అని తగిలించిన క్లాసును చూపిస్తారు. ఇల్లు ఖాళీ, గుమ్మంలో కాపలావాడు. వచ్చినవాణ్ణి అక్కడే ఆపి, ఇక్కడ ఉన్నది ఫలానా, నువ్వు అడిగింది ఫలానా అని రాసి పెడతాడు. జాగా తిరిగి రాదు కనుక మెమరీ పెరుగుతూనే ఉంటుంది. అందుకే దీన్ని పరీక్షల్లోనే వాడాలి.

మేం రెండు రోజులు అనుమానించింది జాబితాలోని బొమ్మల్ని. జాంబీ రాసిన పేరు తెరది. ఆ పాయింటర్‌ను వీక్‌గా మార్చాం. ఇక తెర పోగానే అందులోని చిరునామా దానంతటదే చెరిగిపోతుంది. జాబితాను జోరుగా తోసి వెనక్కి వెళ్లాను. పిలుపు వెళ్లింది, అందుకునేవాళ్లు లేరు, యాప్ నడుస్తూనే ఉంది.